కంప్యూటరు మేల్కొను విధము

పల్నాటి సీమలో బావుల మీదను, కాలువగట్ల మీదను నీరు తోడు రైతులకు ఒక సంగతి చక్కగా తెలియును. పంపును ఊరక తిప్పినంతమాత్రమున నీరు రాదు. పంపులోను, దాని క్రింది గొట్టములోను గాలి నిండియున్నచో, లోపలి చక్రము ఎంత వడిగా తిరిగినను ఆ గాలినే చిలుకుచుండును గాని నీటిని పైకి లాగజాలదు. అందుచేత రైతు మొదట రెండు బిందెల నీరు పంపులో పోసి, గాలిని వెడలగొట్టి, పిమ్మట మోటారు వేయును. నీరు తెచ్చుటకు నీరే కావలయును! గొట్టము అడుగున ఫుట్‌వాల్వు అను చిన్న తలుపు ఒకటి ఉండును. పోసిన నీటిని అది క్రిందికి జారిపోనీయక పట్టియుంచును. ఆ తలుపు బాగుగా నున్నంతకాలము రైతు ప్రతిదినము నీరు పోయవలసిన పనిలేదు. అది చెడినచో ఉదయము పోసిన నీరు సాయంకాలమునకు జారిపోవును. మోటారు వేయునప్పుడెల్ల బిందె పట్టుకొని నిలువవలసివచ్చును. అప్పుడు తెలివిగల రైతు మోటారును మార్చడు, పంపును మార్చడు, ఫుట్‌వాల్వును పైకి తీసి చూచును.

కంప్యూటరు విషయమునను సరిగా ఇట్టి చిక్కే కలదు. కంప్యూటరునకు స్వయముగా ఏమియు తెలియదు. ప్రోగ్రాము ఎట్లు చెప్పిన అట్లు చేయుటయే దాని పని. తెర మీద అక్షరము చూపుటకు ప్రోగ్రాము కావలయును. మీటల పలకపై వ్రేలు తాకిన సంగతి గ్రహించుటకును ప్రోగ్రామే కావలయును. ఈ పనులన్నిటిని నడపు పెద్ద ప్రోగ్రామునకు ఆపరేటింగు సిస్టమని పేరు. అది హార్డుడిస్కులో భద్రముగా నుండును. కరెంటు పోయినను హార్డుడిస్కులోని విషయము చెరగదు. కాని కంప్యూటరు పని చేయునది హార్డుడిస్కులో కాదు, ర్యామ్ అను స్మృతిలో. ర్యామ్ కరెంటు తీసిన వెంటనే తుడిచిన పలక వలె శూన్యమగును. కావున ప్రతిదినము స్విచ్చి వేసినప్పుడెల్ల హార్డుడిస్కులోని ప్రోగ్రామును ర్యామ్‌లోనికి తేవలయును. తెచ్చువారెవరు? ఒక ప్రోగ్రామే తేవలయును. ఆ ప్రోగ్రామును ర్యామ్‌లోనికి తెచ్చినవారెవరు?

మనవారు అసాధ్యమైన పనిని గూర్చి తన భుజముల మీద తానే ఎక్కినట్లు అందురు. ఆంగ్లేయులు తన బూట్ల పట్టీలను తానే పట్టుకొని పైకి లేచినట్లు అందురు. ఆ మాటనుండియే కంప్యూటరు మేల్కొనుటకు బూటింగు అను పేరు వచ్చినది. నేడు మన పల్లెలలోని బాలురు సైతము 'సిస్టము బూట్ అవుటలేదు' అనుచుందురు గాని, ఆ మాటలో పాదరక్షల పట్టీ దాగియున్నదని ఎరిగినవారు తక్కువ.

తొలినాళ్ళలో ఈ చిక్కును మనుష్యుడే తన చేతితో తీర్చెడివాడు. 1965లో అమెరికాలో వెలువడిన పి.డి.పి.-8 అను కంప్యూటరు ముందరి పలక మీద చిన్న మీటలు వరుసగా నుండెడివి. పని చేయువాడు ఆ మీటలను పైకిని క్రిందికిని వేయుచు, పదునారు పదునేడు ఆజ్ఞలను ఒక్కొక్కటిగా యంత్రము స్మృతిలో ఎక్కించెడివాడు. ఆ కొద్ది ఆజ్ఞలకు కాగితపు నాడా మీది రంధ్రములను చదువుటకు మాత్రమే శక్తి కలదు. వాని సాయముతో యంత్రము ఇంచుక పెద్ద ప్రోగ్రామును నాడా నుండి చదువుకొనెడిది. ఆ పెద్దది అసలు ప్రోగ్రామును తెచ్చెడిది. ఒక విశేషమేమనగా, ఆ యంత్రపు స్మృతి చిన్న చిన్న అయస్కాంతపు ఉంగరములతో కూర్పబడినది. కరెంటు తీసినను అందలి విషయము నిలిచియుండెడిది. అందుచేత ఒకసారి ఎక్కించిన ఆజ్ఞలు మరునాటికిని ఉండవచ్చును. మంచి ఫుట్‌వాల్వు గల పంపు వంటిదన్నమాట. 1975లో వచ్చిన ఆల్టెయిర్ 8800 అను చిన్న కంప్యూటరునకు ఆ సౌకర్యము లేదు. దాని స్మృతి కరెంటుతోపాటే తుడుచుకొనిపోయెడిది. దానిని కొన్నవారు స్విచ్చి వేసినప్పుడెల్ల మీటలతో మరల మొదటినుండి ఆజ్ఞలు ఎక్కింపవలసివచ్చెడిది. నడుమ ఒక మీట తప్పుగా పడినచో అంత శ్రమయు వ్యర్థమే.

మన తెలుగునాట ఈ విద్యకు పునాది వేసినది హైదరాబాదులోని ఈ.సి.ఐ.ఎల్. సంస్థ. 1967లో అయ్యగారి సాంబశివరావుగారి నాయకత్వమున స్థాపింపబడిన ఆ సంస్థ రెండేండ్లలోనే, అనగా 1969లో, టి.డి.సి.-12 అను కంప్యూటరును నిర్మించెను. నాడు అట్టి యంత్రమును ఒక పరిశోధనాలయము పొందుటయే ఘనత. గురజాల ప్రాంతములోని ఒక పాఠశాలలో కంప్యూటరు ఉండునని నాడు చెప్పినవానిని జనులు నమ్మియుండరు.

1981లో ఐ.బి.ఎమ్. సంస్థ తన వ్యక్తిగత కంప్యూటరును బజారునకు తెచ్చునప్పటికి మీటల బాధ తొలగినది. మొదటి ఆజ్ఞలను చెరగని చిప్పులో పొదిగి, ఆ చిప్పును యంత్రములోనే బిగించిరి. దానికి బయాస్ అని పేరు. అయినను ఆ మొదటి నమూనాలో హార్డుడిస్కు లేదు. ఆపరేటింగు సిస్టము ఫ్లాపీ అను పలుచని డిస్కు మీద ఉండెడిది. ప్రతిసారియు ఆ ఫ్లాపీని పెట్టియే ఆపరేటింగు సిస్టమును లేపవలసినదే. నాటి కంప్యూటరులో డిస్కు లేనిదే ఆపరేటింగు సిస్టము మేల్కొనకపోవుట జబ్బు కాదు, దాని స్వభావము. హార్డుడిస్కులు వచ్చిన పిమ్మటనే అది జబ్బుగా ఎంచబడినది.

ఇక నేటి కంప్యూటరు మేల్కొను క్రమమును చూతము. స్విచ్చి నొక్కగనే బయాస్ మొదట యంత్రము అవయవములను తడిమి చూచుకొనును: ర్యామ్ ఉన్నదా? మీటల పలక ఉన్నదా? తెర ఉన్నదా? లోపమున్నచో ఈల వేసి తెలుపును. అన్నియు సరిగా నున్నచో, ఒక పట్టికను తీసి చూచును. ఏయే పరికరమును ఏ వరుసలో అడుగవలెనో ఆ పట్టికలో వ్రాయబడియుండును. తెల్లవారుజామున ఊరి కావలివాడు చీటీలో వ్రాసిన వరుసప్రకారము ఇంటింటి తలుపు తట్టినట్లు, బయాస్ ఒక్కొక్క పరికరమును అడిగి చూచును. సీడీ ఉన్నదా? పెన్‌డ్రైవు ఉన్నదా? హార్డుడిస్కు ఉన్నదా? ఏ తలుపు ముందుగా తెరచుకొన్న ఆ యింటివారికి అధికారము అప్పగించి తాను తప్పుకొనును. ఎవ్వరును పలుకనిచో, బూటు చేయదగిన పరికరము దొరకలేదని తెర మీద వ్రాసి ఊరకుండును.

తలుపు తెరచుకొనుట యనగా ఏమి? బయాస్ డిస్కులోని మొట్టమొదటి అరను మాత్రమే చదువును. పాత పద్ధతిలో ఆ అర పరిమాణము 512 బైట్లు. బైటు అనగా ఒక ఆంగ్ల అక్షరము పట్టు చోటు. అనగా పోస్టుకార్డు మీద వ్రాయదగినంత విషయమే అందులో ఇమిడియుండును. అందు 446 బైట్లు ఆజ్ఞలకు. 64 బైట్లు డిస్కు ఎన్ని భాగములుగా విభజింపబడినదో తెలుపు పట్టికకు. కడపటి 2 బైట్లు ముద్ర. ఆ ముద్ర కనబడనిచో బయాస్ 'ఇది మేల్కొలుపు డిస్కు కాదు' అని ముందునకు సాగిపోవును. లక్షల పుస్తకములు పట్టు హార్డుడిస్కులో ఈ పోస్టుకార్డంత అర ఒక్కటి చెడినచో, తక్కినదంతయు చెక్కుచెదరకున్నను యంత్రము మేల్కొనదు. ఈ సంగతి విద్యార్థులు గట్టిగా గుర్తుంచుకొనవలెను. తరువాతి కథకు ఇదియే కీలకము.

గురజాలకును మాచెర్లకును నడుమ నున్న ఒక ఉన్నత పాఠశాలను ఊహింతము. అందొక కంప్యూటరు కలదు. దాత యొకరు ఇచ్చిన యంత్రము. దానిలో ఆరేండ్ల విద్యార్థుల వివరములు, పరీక్షల మార్కులు, పదవ తరగతి వారి పుట్టిన తేదీలు, పాఠశాల వార్షికోత్సవపు ఛాయాచిత్రములు కలవు. ఎవ్వరో మొదట ఆపరేటింగు సిస్టమును పెన్‌డ్రైవు ద్వారా ఎక్కించిరి. నాటి నుండి ఆ పెన్‌డ్రైవు యంత్రము వెనుక గ్రుచ్చియే యుండెను. దుమ్ము పట్టి అది యంత్రములో భాగమే అన్నట్లు కలిసిపోయినది. ఒకనాడు విద్యార్థి యొకడు పాటలు ఎక్కించుకొనుటకు ఆ పెన్‌డ్రైవును లాగి తీసికొనిపోయెను. మరునాడు యంత్రము మేల్కొనలేదు. నల్లని తెర మీద తెల్లని ఆంగ్లాక్షరముల పంక్తి యొకటి కనబడినది. అదృష్టవశమున ఆ బాలుడు పాటలు ఎక్కింపకమునుపే విషయము తెలిసి, పెన్‌డ్రైవు తెచ్చి యథాస్థానమున ఉంచిరి. యంత్రము మేల్కొన్నది!

నరసరావుపేట నుండి వచ్చిన మెకానిక్కు యంత్రమును చూచి, "దీనికి మొత్తం మళ్ళీ ఎక్కించాలండీ మాస్టారూ. పాతదంతా తుడిచేసి కొత్తగా వేస్తే గంటలో అయిపోతుంది" అనెను.

లెక్కల మాస్టారు ఇంచుకసేపు ఆలోచించెను. "తుడిచేస్తే మా పిల్లల వివరాలో?"

"పోతాయండీ. కాపీ ఏమైనా ఉందా?"

కాపీ లేదు. మాస్టారు లేచి తెర వద్దకు వచ్చెను. "చూడు నాయనా, పెన్‌డ్రైవు పెడితే లేస్తోంది కదా. లేచాక కనపడే ఫైళ్ళన్నీ మావే కదా. మరి ఆ ఫైళ్ళు పెన్‌డ్రైవులో ఉన్నాయా, లోపలి డిస్కులో ఉన్నాయా?"

ఈ ప్రశ్నయే చికిత్సకు ఆరంభము. పెన్‌డ్రైవు పరిమాణము 16 జీబీ. పాఠశాల ఫైళ్ళు అంతకు మించియున్నవి. కావున అవి లోపలి హార్డుడిస్కులోనే యున్నవి. వానిని చదువుచున్న ఆపరేటింగు సిస్టము కూడ లోపలిదే. అనగా హార్డుడిస్కు ఆరోగ్యముగానే యున్నది. ఆపరేటింగు సిస్టము ఆరోగ్యముగానే యున్నది. పెన్‌డ్రైవు చేయుచున్న పని ఒక్కటే: మొదటి బిందెడు నీరు పోయుట. మోటారును పడగొట్టి క్రొత్తది కొనవలసిన పనిలేదు. ఫుట్‌వాల్వును చూచిన చాలును.

మాస్టారు చేయించిన మొదటి పని చికిత్స కాదు. యంత్రము మేల్కొనియున్న సమయముననే ముఖ్యమైన ఫైళ్ళన్నిటిని వేఱొక డిస్కులోనికి నకలు తీయించెను. చికిత్స ఎంత చిన్నదైనను, చేయి జారుట సహజము. తప్పు డిస్కు మీద ఒక్క ఆజ్ఞ పడినచో ఆరేండ్ల పని క్షణములో మాయమగును. ఆ నకలు చేతికి వచ్చిన పిమ్మట ఇక భయము లేదు.

తరువాత యంత్రమును ఆపి, మరల వేయుచు, బయాస్ పట్టికను తెరిచిరి. కొన్ని యంత్రములలో ఎఫ్2 అను మీటను, కొన్నింట డిలీట్ అను మీటను, వేఱు సంస్థల యంత్రములలో వేఱు మీటలను స్విచ్చి వేసిన వెంటనే నొక్కవలెను. అందు చూడవలసినవి మూడు. హార్డుడిస్కు పేరు అచ్చట కనబడుచున్నదా? తేదీ, గడియారము సరిగా నున్నవా? పరికరముల వరుస ఎట్లున్నది?

హార్డుడిస్కు పేరు కనబడకున్నచో కేబులు వదులైయుండవచ్చును, లేదా డిస్కే చెడియుండవచ్చును. డిస్కు నుండి టకటక మను శబ్దము వచ్చుచున్నచో యంత్రమును వెంటనే ఆపి, ఇక వేయకుండుటయే మేలు. అట్టి డిస్కు తిరిగిన ప్రతి నిమిషమును నష్టమే. తేదీ ఏ పాత సంవత్సరమునకో వెనుకకు పోయియున్నచో, బయాస్ పట్టికను కాపాడు చిన్న బ్యాటరీ అయిపోయినదని అర్థము. అది రూపాయి బిళ్ళ వంటి గుండ్రని బ్యాటరీ, దానిపై సి.ఆర్.2032 అని వ్రాసియుండును; శక్తి 3 వోల్టులు. అది నిండుకొన్న యంత్రము కరెంటు తీసినప్పుడెల్ల పట్టికను మరచి, తయారైననాటి వరుసకు పోవును. ఆ వరుసలో హార్డుడిస్కు లేనిచో దాని తలుపు తట్టువాడే ఉండడు. కొద్ది రూపాయల బ్యాటరీ మార్చి, వరుస సరిచేసినంతనే అట్టి యంత్రములు మేల్కొనును. మెకానిక్కులు తొందరపడి తుడిచివేయు యంత్రములలో ఇట్టివి తక్కువ కావు.

ఈ పాఠశాల యంత్రములో తేదీ సరిగా నున్నది. హార్డుడిస్కు పేరు కనబడినది. వరుసలో మొదట పెన్‌డ్రైవు, రెండవది హార్డుడిస్కు. అనగా పెన్‌డ్రైవు తీసినప్పుడు కావలివాడు హార్డుడిస్కు తలుపు తట్టుచునే యున్నాడు. లోపలినుండి సమాధానము రాలేదు. మొదటి అరలో ఉండవలసిన చిన్న ప్రోగ్రాము లేదు. అది ఎక్కడ నున్నది? పెన్‌డ్రైవులో!

ఇది ఎట్లు సంభవించెను? పెన్‌డ్రైవు నుండి సిస్టమును ఎక్కించునప్పుడు కొన్ని యంత్రములు ఆ పెన్‌డ్రైవునే 'ఒకటవ డిస్కు' అని లెక్కించును. లోపలి హార్డుడిస్కు రెండవది అగును. ఎక్కించు ప్రోగ్రాము పెద్ద ఫైళ్ళను చెప్పినట్లే హార్డుడిస్కులో ఉంచును గాని, మేల్కొలుపు ప్రోగ్రామును మాత్రము 'ఒకటవ డిస్కు' మొదటి అరలో వ్రాయును. ఇల్లు ఒకచోట కట్టి, గడపను మరియొకచోట నిలిపినట్లు. పెన్‌డ్రైవు గ్రుచ్చియున్నంతకాలము ఈ పొరపాటు ఎవ్వరి కంటను పడదు. ఆ ఆరేండ్లును ఆ పాఠశాల సంపదకంతటికి తాళపుచెవి ఒక్క బొటనవ్రేలంత ప్లాస్టిక్ ముక్కయై, ఎవ్వడు లాగిన వానిచేతికి వచ్చునట్లు బయటనే వ్రేలాడుచుండెను.

దీనికి చికిత్స మేల్కొలుపు ప్రోగ్రామును హార్డుడిస్కు మొదటి అరలో మరల వ్రాయుట. లినక్స్ వంటి సిస్టములలో ఈ చిన్న ప్రోగ్రామునకు గ్రబ్ అని పేరు. దానిని వ్రాయు ఆజ్ఞ గ్రబ్-ఇన్‌స్టాల్. ఆజ్ఞ చిన్నదే గాని, అందు ఏ డిస్కు మీద వ్రాయవలెనో పేరు చెప్పవలెను. ఇచ్చటనే చాలమంది పొరబడుదురు. లినక్స్‌లో డిస్కులకు ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అని వరుస పేర్లు పెట్టబడును. ఏది ముందు కనబడిన దానికి ముందు పేరు. కావున పేరును నమ్మరాదు, పరిమాణమును చూడవలెను. 16 జీబీ అని చూపునది పెన్‌డ్రైవు. 500 జీబీ అని చూపునది హార్డుడిస్కు. మాస్టారు ఆ అంకెలను కాగితము మీద వ్రాసికొని, మెకానిక్కుచేత రెండుసార్లు చదివించి, పిమ్మట ఆజ్ఞ ఇప్పించెను. కొద్ది క్షణములలో లోపము లేకుండ పని ముగిసినదని తెర తెలిపెను. యంత్రమును పూర్తిగా ఆపి, పెన్‌డ్రైవు తీసి, మరల స్విచ్చి నొక్కిరి. ఈమారు యంత్రము తనంతట తాను మేల్కొన్నది. మెకానిక్కు చెప్పిన గంటలో నాలుగవ వంతు కూడ పట్టలేదు. నకలు తీయుటకే అంతకు మించిన కాలము పట్టినది.

విండోస్ సిస్టములు గల యంత్రములలోను ఇదే జబ్బు ఇంచుక వేఱు రూపమున కనబడును. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ సీడీని పెట్టి స్విచ్చి వేసినచో, సీడీనుండి మేల్కొనుటకు ఏదైన ఒక మీట నొక్కుమని అడుగును. ఎవ్వరును నొక్కనిచో కొన్ని క్షణములు వేచి, సీడీలోని చిన్న ప్రోగ్రామే అధికారమును హార్డుడిస్కునకు అప్పగించును. అందుచేత వరుసపట్టికలో హార్డుడిస్కు పేరు జారిపోయిన యంత్రము కూడ, సీడీ పెట్టి మీట నొక్కకున్నచో చక్కగా మేల్కొనెడిది! సీడీ తీసినచో మేల్కొనెడిది కాదు. దీనిని చూచి సీడీలో ఏదియో మహిమ యున్నదని కొందరు తలచెడివారు. అది దారి చూపు బాటసారి మాత్రమే. మొదటి అరయే నిజముగా చెడినప్పుడు ఎక్స్‌పీ సీడీలో ఫిక్స్ఎంబిఆర్, ఫిక్స్‌బూట్ అను ఆజ్ఞలుండెడివి. తరువాతి విండోస్‌లలో బూట్‌రెక్ అను ఆజ్ఞ వచ్చినది. ఎక్కించు డిస్కులో 'మరల ఎక్కించు' అను ద్వారము ప్రక్కనే 'బాగుచేయు' అను ద్వారమును ఉండును. మొదటిది పెద్ద అక్షరములలో, రెండవది మూలన చిన్న అక్షరములలో నుండుటయే దురదృష్టము.

ఇటీవలి యంత్రములలో బయాస్ స్థానమును యు.ఈ.ఎఫ్.ఐ. అను క్రొత్త పద్ధతి ఆక్రమించినది. ఇందు 512 బైట్ల ఇరుకు లేదు. డిస్కులో ఒక చిన్న భాగమును వేఱుచేసి, మేల్కొలుపు ప్రోగ్రాములను మామూలు ఫైళ్ళవలె అందులో ఉంచుదురు. ఏ డిస్కులోని ఏ ఫైలును పిలువవలెనో యంత్రము తన స్మృతిలో పేరుపేరున వ్రాసికొనియుండును. ఇచ్చట ఒక చమత్కారము కలదు. తీసి పెట్టదగిన పెన్‌డ్రైవుల విషయమున యంత్రము ఆ పట్టికకై చూడదు. అన్ని పెన్‌డ్రైవులలోను ఒకే నిర్ణీతమైన పేరుగల ఫైలును వెదకును. అందువలన పట్టిక చెరిగిపోయినచో ఎక్కించు పెన్‌డ్రైవు మేల్కొనుచునే యుండును, లోపలి డిస్కు మాత్రము మేల్కొనకపోవచ్చును. ఊరికి క్రొత్తగా వచ్చినవాడు రచ్చబండ ఎక్కడనో తెలిసికొనగలడు గాని, వీథిపేరు వ్రాసిన చీటీ పోగొట్టుకొన్నచో చుట్టపు ఇల్లు కనుగొనలేడు కదా! చికిత్స మరల ఆ పట్టికలో పేరు వ్రాయించుటయే.

కంప్యూటరును మాత్రమేగాక, పెద్ద పెద్ద వ్యవస్థలను సైతము ఈ చిక్కు విడువదు. బొగ్గుతో నడచు విద్యుత్కేంద్రము ఒకసారి పూర్తిగా ఆగినచో, తనలోని పంపులను, పంకాలను తిప్పుకొనుటకు బయటినుండి కరెంటు కావలయును. కరెంటు పుట్టించుటకు కరెంటే కావలయును! 2012 జూలై 31వ తేదీన ఉత్తర, తూర్పు, ఈశాన్య భారతములలో కరెంటు నిలిచిపోయి, సుమారు అరువది కోట్ల జనులు నివసించు ప్రాంతము చీకటి పాలైనది. అట్టి సమయములలో ముందుగా లేవగలవి జలవిద్యుత్కేంద్రములు. పైనున్న జలాశయమే వానికి బలము. ద్వారములు తెరచుటకు చిన్న డీజిల్ యంత్రపు కరెంటు చాలును. అవి లేచి ఇతరములను లేపును. మాచెర్ల వైపునుండి నాగార్జునసాగరమును చూడబోవు విద్యార్థులు ఆనకట్టను, ద్వారములను చూచి మురిసిపోదురు గాని, జలవిద్యుత్తునకు గల ఈ సుగుణమును తలచువారు అరుదు.

ఎక్కించు డిస్కునకు చికిత్సలో మరియొక ప్రయోజనము కలదు. కొన్ని డిస్కులు హార్డుడిస్కును ముట్టకయే, ర్యామ్‌లోనే పూర్తి సిస్టమును నడపగలవు. వీనికి లైవ్ డిస్కులని పేరు. లోపలి సిస్టము ఎంత చెడినను, ఇట్టి డిస్కుతో యంత్రమును లేపి, హార్డుడిస్కులోని ఫైళ్ళను పైకి తీయవచ్చును. హైదరాబాదు కేంద్రముగా స్వేచ్ఛ అను సంస్థవారు అదే పేరుతో తెలుగు ఆపరేటింగు సిస్టమును వెలువరించిరి. లినక్స్ ఆధారముగా నిర్మింపబడిన అందులో మెనూలు తెలుగు అక్షరములలో కనబడును. యంత్రము మేల్కొనకున్నప్పుడు తెరపై వచ్చు మాటను చదివి అర్థము చేసికొనుటలోనే సగము చికిత్స యున్నది. ఆ మాట ఆంగ్లమున ఉండుటచేతనే మన పల్లెలలో చాలమంది దానిని చదువకయే స్విచ్చి తీసివేయుదురు. తెర మీది పంక్తిని ఉన్నదున్నట్లు కాగితము మీద వ్రాసికొనుట, లేదా ఫోనుతో ఛాయాచిత్రము తీసికొనుట మెకానిక్కును పిలుచుటకంటె ముందు చేయవలసిన పని.

పల్నాటి యంత్రములకు రెండు ప్రత్యేక శత్రువులు కలవు. మొదటిది దుమ్ము. పిడుగురాళ్ళ చుట్టుప్రక్కల సున్నపు బట్టీలు, దాచేపల్లి వైపు నాపరాతి గనులు. ఆ తెల్లని పొడి పంకారెక్కల మీద పేరుకొని యంత్రమును వేడెక్కించును. వేసవిలో ఆ వేడికి అన్ని అవయవములకును ఆయువు తగ్గును. రెండవది హఠాత్తుగా పోవు కరెంటు. హార్డుడిస్కులో ఏదియో వ్రాయుచున్న క్షణమున కరెంటు పోయినచో ఆ వ్రాత సగములో నిలిచిపోవును. మేల్కొలుపు ఫైళ్ళు వ్రాయబడుచున్న సమయమున అట్లు జరిగినచో మరునాడు యంత్రము మేల్కొనదు. యు.పి.ఎస్. అను బ్యాటరీ పెట్టె ఇందుకొఱకే. గంటల కొలది నడుపుట దాని పని కాదు; యంత్రమును పద్ధతిగా నిద్రపుచ్చుటకు కావలసిన నాలుగు నిమిషములు ఇచ్చుట దాని పని.

2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల ఎనిమిదవ తరగతి విద్యార్థులకు పంచిన ట్యాబులలో సీడీ పెట్టు చోటు లేదు. అయినను అవియు ఇదే క్రమమున మేల్కొనును. మొదటి ఆజ్ఞలు చిప్పు లోపలనే చెరగకుండ పొదుగబడియుండును. అవి రెండవ ప్రోగ్రామును తెచ్చును. రెండవది మూడవదానిని తెచ్చును. భేదమొక్కటే. ఇందు ప్రతి మెట్టునను ముందటి ప్రోగ్రాము తరువాతిదాని ముద్రను పరీక్షించి, తయారీదారు ముద్రయే యని తేలిన పిమ్మటనే దానికి అధికారము నిచ్చును. ముద్ర సరిపడనిచో ట్యాబు అచ్చటనే నిలిచి, సంస్థ గుర్తును చూపుచు, ముందునకు కదలకుండును. అట్టి ట్యాబును బాగుచేయుటకు కేబులుతో వేఱొక కంప్యూటరునకు కలిపి, తయారీదారు ముద్రగల ప్రోగ్రామును మరల అందులోనికి ఎక్కించుచుందురు.